కాగితం మీద పదహారేళ్లు

హైదరాబాద్,
9 జనవరి 2000

అత్తా,

నువ్వు పంపిన చెనక్కాయ ఉండలు అందాయి. ఇర్ఫానావాళ్ల నాయన యూసుఫ్ మామ ఉరవకొండ నుంచి వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చాడు. డబ్బా మూత తీశానో లేదో మా కోచ్ శివప్ప సార్ వచ్చి ఎత్తుకుపోయాడు. "ఇవి తిని బీమ్ ఎక్కితే బీమ్ ఇరుగుతాది" అన్నాడు. బీమ్ అంటే మేం పల్టీలు కొట్టే సన్నని దూలం. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ రెండు ఉండలు అప్పటికే జేబులో వేసుకున్నాను. ఒకటి నాకు, ఒకటి ఇర్ఫానాకు.

ఈ ఆటల హాస్టల్‌కు వచ్చి నాలుగేళ్లయిందంటే నాకే నమ్మకం కలగదు. అనంతపురంలో సెలక్షన్ రోజు జిమ్నాస్టిక్స్‌కు మా ఇద్దరినే ఎంచుకున్నారు, గుర్తుందా? ఇర్ఫానా వాళ్ల అంగట్లో పరుపుల మీద పల్టీలు నేర్చుకుంది. నేను కళ్లంలో చెనక్కాయ కట్టె కుప్పల మీద. నీ వీపు మీదికి దూకినందుకు నువ్వు కొట్టిన దెబ్బ ఇంకా గుర్తే.

అసలు సంగతి రాయడం మరిచాను. మే నెలలో పెద్దవాళ్ల ట్రయల్స్ ఉన్నాయి. నెగ్గితే విదేశం పోటీకి పంపిస్తారు. ఒక్కో రాష్ట్రం నుంచి ఇద్దరికే చోటు. ఒకటి హైదరాబాద్ అమ్మాయికి ఖాయం. రెండోది ఇర్ఫానాదే అని అందరం అనుకుంటున్నాం. మొన్న సార్ నన్ను పిలిచి, "నీ వయసు సరిగా లేదు. మీ అత్త నర్సు గదా, కాగితం తెప్పీ" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. నన్ను పుట్టించింది నువ్వే కాబట్టి పుట్టిన తేదీ కాగితం పంపు. తొందరగా.

నాయనా అమ్మా బెంగళూరులో ఎక్కడ పనికి కుదిరారో తెలిస్తే రాయి.

నీ వేణి

*

బూదిగుట్టపల్లి, గార్లదిన్నె మండలం,
22 జనవరి 2000

నా బంగారు వేణికి,

నీ జాబు చదివి నవ్వుకున్నాను, తర్వాత కోపం కూడా వచ్చింది. మా పిల్ల వయసు మీద అనుమానమా! ఆటల్లో పెద్దపిల్లలను చిన్నపిల్లలని చెప్పి ఆడిస్తారని పేపర్లో చదివాను. నువ్వు బాగా ఆడుతుంటే ఓర్వలేక ఎవరో అలాంటి పుల్ల పెట్టి ఉంటారు. వాళ్ల నోరు మూయించే కాగితం పంపుతున్నాను.

నువ్వు పుట్టింది 1986 ఆగస్టు పదిహేడు, ఆదివారం. నేను ఈ సబ్ సెంటర్‌కు కొత్తగా వచ్చిన రోజులు. మీ అమ్మ కదిరమ్మ కలుపు తీస్తూ చేనులోంచే నేరుగా వచ్చింది. నా కాన్పుల రిజిస్టరులో నీది పదకొండో పేరు. ఆ పేజీ నకలు రాసి, సంతకం చేసి, ముద్ర వేసి, మీ సార్ పేరు మీదే రిజిస్టరు పోస్టులో పంపాను. పద్నాలుగు కూడా నిండలేదని ఆయనే కళ్లారా చూసుకుంటాడు.

ఇక్కడ కాయ లేదు, కట్టె లేదు. బోర్లు మూడు వందల అడుగులు దిగినా దుమ్మే. మీ నాయన వెంకటేశులు, అమ్మ పండగ ముందే రాప్తాడులో బస్సెక్కి వెళ్లారు. యశవంతపురం పక్కన ఏదో పెద్ద కట్టడం పనిలో ఉన్నారట. అడ్రసు తెలియగానే రాస్తాను.

తిండి తగ్గించొద్దు. నువ్వు ఎదిగే పిల్లవి.

మీ అత్త ఆంజినమ్మ

*

హైదరాబాద్,
8 ఫిబ్రవరి 2000

అత్తగారికి,

మీరు పంపిన కాగితం సార్‌కు అందింది. అది పనికిరాదు. సార్ దాన్ని చించేశారు.

పెద్దవాళ్ల పోటీల్లో ఆడాలంటే ఆ సంవత్సరంలో పదహారేళ్లు నిండాలి. అంటే 1984లో గానీ అంతకు ముందు గానీ పుట్టి ఉండాలి. కాబట్టి నేను పుట్టింది 17-8-1984 అని రిజిస్టరులో దిద్ది, కొత్త కాగితం ఇవ్వండి. సార్ మనిషి ఫారంతో వస్తాడు. ఇది నా భవిష్యత్తు. నాకు ఇది చాలా ఇష్టం. నేను ఇక్కడ సంతోషంగా ఉన్నాను.

నాగవేణి

*

బూదిగుట్టపల్లి,
20 ఫిబ్రవరి 2000

వేణీ,

అత్తగారూ, మీరూ ఎప్పటి నుంచి? ఆ మాట చూసి జాబు వేరే ఎవరికో రాశావేమో అనుకుని కవరు తిప్పి చూశాను.

మీ సార్ మనిషి వచ్చాడు. సబ్ సెంటర్ ముందు జీపు ఆగితే టీకాలకు వచ్చిన తల్లులంతా గోడకు ఒదిగిపోయారు. కుర్చీ లాక్కుని కూర్చుని, "ఏమమ్మా, ఆరును నాలుగు చేసేదానికి ఒక గీత సాలు. నీ సొమ్మేం పోతాది? పిల్ల ఇమానమెక్కుతాది" అన్నాడు.

"గీత గీస్తే పిల్లకు రెండేండ్లు వస్తాయా?" అన్నాను.

"కాగితానికి వస్తే సాలు."

నేను రాయనన్నాను. ఫారం బల్ల మీదే పెట్టి, "నీ కోడలు ఆడ మా చేతిలో ఉండాది, మర్చిపోవాకు" అని చెప్పి వెళ్లాడు. వాడు వెళ్లాక రిజిస్టరును తీసి ఇంటికి తెచ్చుకున్నాను. బియ్యం డబ్బాలో దాచాను.

రిజిస్టరు దిద్దితే నా ఉద్యోగం పోతుంది వేణీ. అందుకని రాయలేను. అయినా ఇర్ఫానాకు నిజంగానే పదిహేడు వస్తాయి కదా ఈ మార్చికి. ఆ పిల్లను పంపక నిన్నెందుకు లాగుతున్నారు? దాని చోటు నువ్వు తీసుకోవాలని నీకెలా అనిపించింది? నాలుగేళ్లుగా ఒకే దుప్పటి కింద పడుకున్నారు. నువ్వు ఇలా మారతావని నేను అనుకోలేదు.

అత్త

*

హైదరాబాద్,
3 మార్చి 2000

అత్తగారికి,

మీ ఉద్యోగం మీకు ఎక్కువ. సరే. మీ కాగితం ఇక అక్కర్లేదు. సార్ మన ఊళ్లో అడ్రసు కనుక్కుని, బెంగళూరు వెళ్లి నాయన చేత అఫిడవిట్ మీద సంతకం పెట్టించుకున్నారు. తండ్రి చెబితే చాలట. ట్రయల్స్‌కు నా పేరు వెళ్లింది.

ఇర్ఫానా సంగతి మీకు అనవసరం. నేను రోజూ బాగా సాధన చేస్తున్నాను. నాకు మెడలో గానీ చేతుల్లో గానీ ఏ నొప్పీ లేదు. ఇకపై ఈ విషయం రాయకండి.

నాగవేణి

*

బూదిగుట్టపల్లి,
10 మార్చి 2000

వేణీ,

నీ జాబు నాలుగుసార్లు చదివాను. నాకు ఉద్యోగం ఎక్కువ అన్న మాట దగ్గర మొదటిసారి ఆగాను. రెండోసారి చదివినప్పుడు వేరే చోట ఆగాను. మెడలో నొప్పి ఉందా అని నేను అడగలేదే! అడగని నొప్పి లేదని ఎందుకు రాశావు? ఇరవై ఏళ్లుగా ఆడవాళ్ల నొప్పులు వింటున్నాను. లేదు లేదు అనేవాళ్లకే ముందు చెయ్యి వేసి చూడాలి.

ఉద్యోగం అని రాయడం నాదే తప్పు. అసలు కారణం చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పుడు రాస్తాను. ఇంతవరకు మీ నాయనకు కూడా చెప్పలేదు.

నీకు ఏడేళ్లప్పుడు మన ఊళ్లో లక్ష్మీదేవి అని ఒక పిల్ల ఉండేది. నీకు జడలు వేసేది, గుర్తుందో లేదో. దానికి పదిహేనేళ్లకే పెళ్లి కుదిర్చారు. ఎవరో ఆకాశరామన్న అర్జీ పెడితే తాసిల్దారు ఆఫీసు నుంచి మనిషి వస్తున్నాడని తెలిసి దాని తల్లి నా కాళ్లు పట్టుకుంది. "ఒక్క కాగితం రాసియ్యి ఆంజినమ్మా, పద్దెనిమిదని. సంబంధం తప్పిపోతే మళ్లా రాదు" అంది. నేను రాశాను. నా చేత్తోనే. మూడేళ్లు ఎక్కువ వేసి రాశాను.

ఏడాది తిరక్కుండా కాన్పుకు నా దగ్గరికే తెచ్చారు. బిడ్డ దిగే దారి లేదు వేణీ. కాగితంలో పెరిగిన ఎముక ఒంట్లో పెరగలేదు. ట్రాక్టరులో పరుపు వేసి అనంతపురం తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది. నా చెయ్యి పట్టుకునే పోయింది. చనిపోయినప్పుడు దాని వయసు పంతొమ్మిది అని రాశారు, నా కాగితం చూసి.

అందుకే నేను ఇంకోసారి రాయను. నువ్వు నన్ను జన్మంతా తిట్టుకున్నా రాయను. ఇంకొకటి కూడా చేశాను. ఆ మనిషి వదిలేసి వెళ్లిన ఫారం మీద ట్రయల్స్ జరిపే సంఘం అడ్రసు ఉంది. రిజిస్టరు పేజీ జిరాక్సు తీయించి, నా పేరు, సంతకం పెట్టి నిన్న వాళ్లకు పంపాను. నీకు చెప్పకుండా చేయడం ఇష్టం లేక ఇది రాస్తున్నాను.

నీ మెడకు ఏమైందో రాయి.

అత్త

*

హైదరాబాద్,
11 మార్చి 2000

అత్తా అత్తా,

ఇది యూసుఫ్ మామ చేతికిచ్చి పంపుతున్నాను. హాస్టల్ పోస్టులో ఏమీ రాయకు. ఈ వయసు గొడవ మొదలైనప్పటి నుంచి మా జాబులన్నీ సార్ చదువుతున్నాడు. వచ్చేవీ పోయేవీ. మొన్న రెండు జాబులు సార్ చెబుతుంటే నేను రాసినవి. ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఫోన్ చేద్దామన్నా అది వార్డెన్ గదిలోనే ఉంది. "నొప్పి లేదని రాయి, మీ అత్త నర్సు, అనుమానపడతాది" అని ఆ వాక్యం కూడా తనే చెప్పాడు.

మెడకు దెబ్బ తగిలింది అత్తా. ఫిబ్రవరి పన్నెండున. పెద్దవాళ్ల వాల్ట్ నేర్పుతున్నాడు. ఉరికొచ్చి, స్ప్రింగు చెక్క మీద తన్ని, గుర్రం అనే ఎత్తు బల్ల మీద చేతులు ఆనించి, గాలిలో ఒకటిన్నర పల్టీ కొట్టి కాళ్ల మీద దిగాలి. నేను పూర్తిగా తిరగలేదు. తల ముందు తగిలింది. మెడ కింద ఏదో పటుక్కుమంది. కాసేపు నాకు చేతులు లేనట్టే అనిపించింది. కళ్లు తెరిచి చూస్తే పక్కనే ఉన్నాయి, కానీ నావి కావు. తర్వాత చీమలు పాకినట్టు మెల్లగా తిరిగొచ్చాయి. కుడి చేతి చివరి రెండు వేళ్లు మాత్రం ఇప్పటికీ మొద్దుగానే ఉన్నాయి. వేలాడే బార్స్ పట్టుకుంటే పట్టు దొరికిందో లేదో తెలియదు. చూసుకోవాలి.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదు. తీసుకెళ్తే రాసిపెడతారట. మూడు రోజులు పడుకోబెట్టి నాలుగో రోజు మళ్లీ ఉరకమన్నాడు. రోజూ పొద్దున ఆ బల్లను చూసి నేను కక్కుకుంటే బరువు తగ్గుతున్నానని సార్‌కు సంతోషం.

ఇర్ఫానా చోటు నేను అడగలేదు. దేవుడి తోడు. ఇర్ఫానా పొడుగైంది, ఒళ్లు చేసింది. నేను ముప్పై కిలోలు కూడా లేను, గాలిలో త్వరగా తిరుగుతాను. అందుకే సార్‌కు నేను కావాలి. ఆ వయసు నియమం ఎందుకు పెట్టారో ఇర్ఫానానే చెప్పింది. ఇంతకు ముందు పదిహేనుకే ఆడనిచ్చేవారట. చిన్నపిల్లల ఎముకలు పాడవుతున్నాయని పదహారు చేశారట. నాలాంటి వాళ్ల కోసం పెట్టిన నియమం అత్తా అది.

భయంగా ఉందని చెబితే ఇంటికి పంపేస్తానంటాడు. ఇంటికి వస్తే తాళం వేసిన తలుపు. అందుకే చెప్పలేదు. నువ్వు ఏమీ చేయకు. ఎవరికీ రాయకు. నువ్వు ఏదైనా చేస్తే ఆ కోపం నా మీదే తీరుతుంది.

వేణి

*

హైదరాబాద్, హాస్టల్ గేటు ముందు,
17 మార్చి 2000

తల్లీ,

రాయొద్దన్న జాబు నాకు అందేసరికి నేను రాసేసి ఉన్నాను. సంఘానికీ రాశాను, హాస్టల్ పోస్టులో నీకూ రాశాను. అది ఇప్పటికే వాడు చదివేసి ఉంటాడు. యూసుఫన్న నీ కవరు ఇచ్చిన రోజే సెలవు చీటీ పడేసి రైలెక్కాను. దారి పొడవునా నీ రెండు వేళ్లే కళ్ల ముందు ఆడాయి. మెడలోంచి వేళ్లకు మొద్దు దిగడమంటే ఏమిటో నాకు తెలుసు. నీకు చెప్పను.

వార్డెన్ లోపలికి రానివ్వలేదు. "తండ్రి వస్తేనే పంపుతాం, మేనత్తకు హక్కు లేదు" అంది. "పిల్లకు మెడ దెబ్బ తగిలింది, ఒక్కసారి చూడనీ" అని అడిగితే, "పిల్ల బాగుంది, ఉదయం కూడా ఉరికింది" అంది. ఉరికిందా? గేటు పట్టుకుని అక్కడే కూర్చున్నాను.

ఇర్ఫానా గోడ దగ్గరికి వచ్చింది. దానికి ఈ చీటీ ఇస్తున్నాను. మొన్న తెలిసిన అడ్రసు పట్టుకుని ఇప్పుడే బెంగళూరు బస్సెక్కి మీ నాయనను తీసుకొస్తాను. మూడు రోజులు. అంతవరకు ఆ బల్ల ఎక్కొద్దు. కొట్టినా ఎక్కొద్దు. అన్నం పెట్టకపోయినా ఎక్కొద్దు. నా మాట ఇది ఒక్కటి విను.

అత్త

*

బెంగళూరు,
2 ఏప్రిల్ 2000

అత్తా,

నాయన నన్ను తీసుకొచ్చిన రోజు నువ్వు కూడా వస్తావనుకున్నాను. పోలియో చుక్కల వారమని నీకు సెలవు ఇవ్వలేదని నాయన చెప్పాడు. అందుకే జరిగిందంతా రాస్తున్నాను. వేళ్లు సరిగా లేవు, అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

నీ పది తారీకు జాబు సార్ జిమ్‌లో అందరి ముందూ పైకి చదివాడు. లక్ష్మీదేవి సంగతి కూడా. తర్వాత దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "మీ అత్త నీ కొంప తీసింది. ఇప్పుడు నువ్వేందో నిరూపించు. ఉరుకు" అన్నాడు. అది నీ చీటీ రాక ముందు రోజు. నేను ఉరికాను. దేవుడి దయ, కాళ్ల మీదే దిగాను. మరుసటి రోజూ ఉరికాను.

నీ చీటీ వచ్చాక పొద్దున మళ్లీ పిలిచాడు. గీత దగ్గర నిలబడ్డాను. కాళ్లు కదల్లేదు. నీ మాట వినాలని కాదు అత్తా, అబద్ధం ఎందుకు, నిజంగానే కదల్లేదు. అక్కడే కూర్చున్నాను. సార్ వచ్చి చెయ్యి పట్టి లేపాడు. మళ్లీ కూర్చున్నాను. "లెయ్యి" అని అరుస్తుంటే నా చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. అప్పుడు ఇర్ఫానా బార్స్ దగ్గర నుంచి నడుచుకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. దాన్ని కూడా లేవమన్నాడు. లేవలేదు. మా ఇద్దరినీ రెండు రోజులు ఎండలో నిలబెట్టారు. మూడో రోజు నాయన వచ్చాడు.

ఇక్కడి పెద్దాసుపత్రిలో ఫోటో తీశారు. మెడ ఎముకలో సన్నని చీలిక ఉందట. పట్టీ వేశారు, తల తిప్పలేను. డాక్టరమ్మ ఫోటోను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసి, "దీని తర్వాత కూడా దూకావా?" అని కన్నడంలో అడిగింది. దూకానన్నాను. బయటికి వెళ్లి నాయనతో మాట్లాడింది. నాయన తిరిగొచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుని, "ఆ సారు రెండేండ్లు ఎక్కువేస్తే పిల్లకు మంచిదే గదాప్పా అన్న్యాడు. నేను సదువుకోనోన్ని. సంతకం పెట్టినా. ఇంత కతుండాదని నాకేం తెలుసు" అని అదే మాట మళ్లీ మళ్లీ అంటున్నాడు. నువ్వు ఆయనకు ఒక జాబు రాయి. తిట్టకు.

మేం ఉండేది రేకుల షెడ్డు. పైన ఇనుప చువ్వలు వంచే చప్పుడు వచ్చినప్పుడల్లా ఉలిక్కిపడుతున్నాను.

నిన్ను చెడ్డదాన్ని చేసి రాసిన రెండు జాబులు చించెయ్యి.

వేణి

*

బూదిగుట్టపల్లి,
20 ఏప్రిల్ 2000

వేణీ,

మీ నాయనకు వేరే కవరులో రాశాను. తిట్టలేదు. తిట్టే అర్హత నాకు లేదు.

నీకు మంచి వార్త రాయాలని రెండు వారాలు ఆగాను. రాలేదు. సంఘం వాళ్ల నుంచి కాగితం వచ్చింది. తప్పుడు వయసుతో పేరు పంపినందుకు ఆ హాస్టల్ నుంచి వెళ్లిన పేర్లన్నీ కొట్టేశారు. నీదే కాదు. తర్వాత నీ బదులు చేర్చిన ఇర్ఫానా పేరూ కొట్టేశారు. మే ట్రయల్స్‌కు ఇక ఆ పిల్ల పోయే దారి లేదు.

అది చదవగానే ఉరవకొండ వెళ్లాను. యూసుఫన్న అంగట్లో దూది ఏకుతున్నాడు. నన్ను చూసి విల్లు పక్కన పెట్టాడు. కూర్చోమన్నాడు. నీళ్లిచ్చాడు. అప్పుడు అడిగాడు: "నా బిడ్డ కాగితంలో ఒక్క అచ్చరం తప్పు లేదమ్మా. మరి దానికెందుకు శిచ్చ?" తల వంచుకుని కూర్చున్నాను.

హాస్టల్ వదిలి ఇంటికి వచ్చేసిన ఇర్ఫానా లోపలి నుంచి వచ్చి, ముందు నీ మెడ ఎలా ఉందని అడిగింది. తర్వాత చెప్పింది: "వేణి పడిన పొద్దు నేను ఆడనే ఉన్న్యా. ఎంతసేపటికీ లేయలా. దాని వయసు పదమూడని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెప్తే నా చోటు కోసం చెప్తాండానంటారని ఊరికే ఉండిపోయినా. నాకూ శిచ్చ కావాల్సిందేలే అత్తా." నేను కాదని ఎంత చెప్పినా వినలేదు.

ఇంకో సంగతి. మీ సార్ నా జాబును జిల్లా ఆఫీసుకు పంపాడు. లక్ష్మీదేవికి నేను తప్పుడు కాగితం ఇచ్చినట్టు నా చేతి రాతతోనే దొరికింది. నన్ను సస్పెండ్ చేసి విచారణ పెట్టారు. అడిగితే అవునన్నాను. అది అబద్ధం కాదు కదా. కానీ ఇప్పుడు వాడు సంఘానికి ఏం రాశాడంటే, తప్పుడు కాగితాలు రాసే నర్సు మాట ఎలా నమ్ముతారు, నాగవేణికి నిజంగానే పదహారు అని. నా సాక్ష్యానికి విలువ పోయింది.

ఇర్ఫానా కోసం యూసుఫన్న సంఘానికి అప్పీలు పెట్టాడు. జూన్ 24న హైదరాబాద్‌లో విచారణ. ఎవరి తప్పో తేలితేనే ఆ పిల్ల పేరు తిరిగి చేరుస్తారు. అక్కడ చెప్పగలిగిన మనిషి నువ్వొక్కతివే. మీ సార్ ఎదురుగా ఉంటాడు. వెళ్లమని నేను చెప్పను. ఇంతవరకు నిన్ను అందరూ ఉరకమన్నవాళ్లే.

అత్త

*

బెంగళూరు,
9 మే 2000

అత్తా, నేను వెళ్లలేను. కలలో కూడా ఆయన గొంతు వినబడుతోంది. ఇర్ఫానాకు చెప్పు. లేదు, చెప్పకు.

వేణి

*

బూదిగుట్టపల్లి,
18 మే 2000

సరే తల్లీ. నీ మీద నాకు ఇంత కోపం కూడా లేదు. వేళ్లకు రోజూ గోరువెచ్చని నీళ్లలో పని చెప్పు. ఇర్ఫానాకు నేనేమీ చెప్పలేదు.

అత్త

*

బెంగళూరు,
30 జూన్ 2000

అత్తా,

వెళ్లాను. నీకు ముందే చెబితే మళ్లీ మానేస్తానని భయపడి చెప్పలేదు. నాయనకు కూడా ముందు రోజే చెప్పాను. పని మానుకుని వచ్చాడు.

పొడవాటి బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో తెల్ల జుట్టు మేడమ్. సార్ కుడివైపు, నాకు చెయ్యి చాపితే అందేంత దూరంలో. ఆయన సెంటు వాసన రాగానే నాయన వైపు జరిగాను. ఇర్ఫానా, యూసుఫ్ మామ గోడ పక్కన ఉన్నారు. నేను వాళ్ల వైపు చూడలేదు.

సారే ముందు మాట్లాడాడు. "నాలుగేండ్లు నీకు అన్నం పెట్టిందెవరు వేణీ?" అని మెత్తగా అడిగాడు. అంత మెత్తగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. "మీరే సార్" అన్నాను. మేడమ్ నన్ను దగ్గరికి రమ్మంది. "నీ వయసెంత?" అంది.

"పదమూడు మేడమ్. ఆగస్టు పదిహేడుకు పద్నాలుగు."

"ఎలా తెలుసు?"

"నన్ను పుట్టించిన మా అత్త చెప్పింది. ఆమె ఒకసారి తప్పు రాసింది. అందుకే నాకు రాయలేదు."

ఇది నేను ముందు అనుకుని వచ్చిన మాట కాదు. నోట్లోంచి వచ్చేసింది. తర్వాత ఆగలేదు. మెడ సంగతి, జాబులు చెప్పి రాయించిన సంగతి, ఎండలో నిలబెట్టిన సంగతి అన్నీ చెప్పాను. బెంగళూరు ఆసుపత్రి ఫోటో ఇచ్చాను. మేడమ్ నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసి పక్కనున్నాయనతో, "దీన్నా పదహారని తెచ్చింది?" అంది. నాయన లేచి, "ఆ కాగితం మీద సంతకం నాదే. తప్పు నాదే రాసుకోండి" అన్నాడు.

సార్‌ను రెండేళ్లు దూరం పెట్టారు. సెప్టెంబరులో ఇంకో ట్రయల్స్ ఉన్నాయట, బెంగళూరులోనే. దానికి ఇర్ఫానా పేరు రాసుకున్నారు. బయటికి వచ్చాక వరండాలో నేను కక్కుకున్నాను. ఇర్ఫానా నా జుట్టు పట్టుకుని నిలబడింది.

వేణి

*

ఉరవకొండ,
25 ఆగస్టు 2000

వేణీ,

నా విచారణ తేలింది. ఉద్యోగం పోలేదు. సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరాతో రాసి, ఇక్కడికి బదిలీ చేశారు. వచ్చే ముందు లక్ష్మీదేవి తల్లి దగ్గరికి వెళ్లాను. ఆమె తలుపు తీయలేదు. గడప దగ్గర చాలాసేపు కూర్చుని వచ్చేశాను.

యూసుఫన్న, ఇర్ఫానా సెప్టెంబరు ఎనిమిదిన బయల్దేరుతున్నారు. మీ షెడ్డులోనే పడుకోమని చెప్పాను. చోటు చూడు. ఇర్ఫానా నాలుగు నెలలు సరైన సాధన లేక, పరుపుల మీదే దూకింది. నాకు భయంగా ఉంది. నాకెందుకో ఈ మధ్య అన్నిటికీ భయంగానే ఉంటోంది.

అత్త

*

బెంగళూరు,
12 సెప్టెంబరు 2000

అత్తా,

నువ్వు ఎదురుచూస్తుంటావని ముందే చెప్పేస్తున్నాను. ఇర్ఫానాకు ఏమీ కాలేదు. రెండు చేతులూ రెండు కాళ్లూ బాగున్నాయి.

మేం పైమెట్ల మీద కూర్చున్నాం. నా పట్టీ తీసేసి నెలయింది కానీ ఆ రోజు మళ్లీ వేసుకున్నాను, ఎందుకో ధైర్యంగా ఉంటుందని. బీమ్ మీద ఇర్ఫానా ఒకసారి ఊగి నిలదొక్కుకుంది. ఫ్లోర్ బాగా చేసింది. చివర వాల్ట్. అది గీత దగ్గరికి వెళ్లి చెయ్యి ఎత్తింది. యూసుఫ్ మామ భుజం మీద తుండు తీసి పిడికిట్లో చుట్టుకున్నాడు. కాళ్ల చప్పుడు వినబడింది. నేను కళ్లు మూసుకున్నాను అత్తా. పడితే ఎలా చప్పుడవుతుందో నాకు తెలుసు. దాని కోసమే చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఆ చప్పుడు రాలేదు. కళ్లు తెరిచి చూస్తే ఇర్ఫానా నిలబడి ఉంది. దిగేటప్పుడు రెండడుగులు పక్కకు వేసిందట. నేను చూడలేదు.

నలుగురిని తీసుకున్నారు. ఇర్ఫానా ఐదోది. మార్కుల్లో పది పైసలంత తేడా, అంతే. ఆ రెండడుగులే ముంచాయి.

యూసుఫ్ మామ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. మే నెలలో పోనిచ్చి ఉంటే, నాలుగు నెలలు సాధన ఆగకుండా ఉంటే అని నేను అంటుంటే, ఇర్ఫానా బూట్లు సంచిలో వేసుకుంటూ, "ఊరుకోవే. ఈసారి నన్ను ఓడించింది నా కాళ్లు. యా కాగితమూ కాదు. దానికి ఏడ్సను నేను" అంది.

షెడ్డుకు వచ్చి అమ్మ చేసిన సంగటి రెండు ముద్దలు తింది. బరువు చూసేవాళ్లు లేరని మూడోది కూడా పెట్టించుకుంది. బస్సెక్కే ముందు నన్ను పక్కకు పిలిచి, "వచ్చే ఏడు నాకు పద్దెనిమిది. ఇంగోసారి ఉరుకుతా. చూసేదానికి వస్తావా?" అని అడిగింది.

వస్తానన్నాను. కళ్లు తెరిచి చూస్తానని మాత్రం చెప్పలేదు.

వేణి